శివారు వంతు

ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం, లైబ్రరీ కాపీ.
నాకంటే ముందు చదివినవాళ్లెవరో
ఒక్క మాట కింద పెన్సిలుతో రెండుసార్లు గీశారు:
స్టార్వేషన్.
క్యూలోనే ఉండి, వంతు ఎన్నటికీ రాని ప్రాసెస్.
నాకు నవ్వాగలేదు.
అమలాపురం బస్సులో పక్క సీటావిడ,
రొయ్యల షెడ్డు నుంచి వస్తోంది, చేతులింకా తెల్లగా నాని ఉన్నాయి,
ఏంటమ్మా అంది.
మా చేను గురించి రాశారండీ అన్నాను.

మాది కాలవ చిట్టచివర.
మా తర్వాత మురుగు కోడు, మడచెట్లు, సముద్రం.
ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు
దారిపొడుగునా గేదెల్ని తోమి, బిందెలు కడిగి,
గుర్రపుడెక్క కిందనుంచి నక్కి నక్కి
మా గట్టు దాకా వస్తే వచ్చినట్టు.
రాకపోతే ఉప్పు వస్తుంది.
దానికి వంతుల్లేవు.

ఎం.టెక్ రెండో ఏడు.
పన్నెండు మందికి ల్యాబ్‌లో మంచి మెషీన్ ఒక్కటే.
గోడమీద కాగితం, కాగితంమీద వంతులు.
నాకు పడింది రాత్రి రెండు నుంచి నాలుగు.
కిటికీ ఊచకి ఫోను కట్టి, ఆ సిగ్నలు మీద
దోమతెరలోంచి లాగిన్ అవుతాను.
స్టైపెండు ఏడు నెలలుగా "ప్రాసెస్‌లో ఉంది" అంటాడు గుమాస్తా.
ఏ ప్రాసెసో నాకు తెలుసు.

నా థీసిస్: ఒక కాలవ, ఇరవైమూడు తూములు, దాళ్వా నీళ్లు.
కాచుకున్నకొద్దీ ముందుకి జరపాలి, అదీ సూత్రం.
ఏజింగ్ అంటారు.
కాచుకున్నవాడికి పెద్దరికం వస్తుందన్నమాట.
మా వీధిలో అలా జరగ్గా నేను చూళ్లేదు,
ప్రోగ్రాంలో మాత్రం జరిగింది.

లాకు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను.
లస్కరు పేర్రాజు కళ్లజోడు తుడుచుకుని
ఆకుపచ్చ గీతలన్నీ ఓపిగ్గా చూశాడు.
"ఆయ్, బావుందండి అమ్మాయిగారూ.
మరి ఇందులో రాత్రి ఏదండీ?
మీ తూములన్నీ చెప్పినమాట వింటన్నాయి.
పన్నెండో తూము కాడ గునపమెట్టి
షట్టరు లేపేవోడు ఏడండీ?"

తర్వాత రేకుపెట్టె తెరిచి
పందొమ్మిదేళ్ల గేజి పుస్తకాలు ఇచ్చాడు.
అడుగులు, అంగుళాలు, పొద్దుటా సాయంత్రం.
అక్కడక్కడ పక్కన ఎర్రసిరా చుక్క.
ఇవేంటి పేర్రాజుగారూ?
కాలవకేసి చూస్తూ చెప్పాడు:
"నేను చూడనట్టు ఊరుకున్న రాత్రులండి."

అన్నీ ఎక్కించాను. నాలుగు వందల ఆరు చుక్కలు.
ఆ వరసకి ఒక పేరు కావాలి.
నాయిస్ అని రాసెయ్ అన్నారు భాగ్యలత మేడం.
రాశాను. చెరిపేశాను.
దొంగతనం అని రాసి అదీ చెరిపాను.
దయ అని మాత్రం టైపు చేయడానికి వేలు రాలేదు.

మార్చిలో ఒక రాత్రి, నా వంతులోనే,
ప్రోగ్రాం అరవయ్యొక్క శాతం దగ్గరుండగా
ఫోను మోగింది, కనెక్షన్ తెగింది.
"అమ్మాయిగారూ, మీ తూము కాడ నీళ్లున్నాయండి.
ఎలాగొచ్చాయని అడక్కండి.
తెల్లారేదాకా ఉంటాయో లేదో."

పార తీసుకుని పరిగెత్తాను.
నెర్రెల్లోకి నీళ్లు దిగుతుంటే
ఎవరో గుటకలేస్తున్న చప్పుడు.
ఎగువన ఇది ఎవరి వంతో,
తెల్లారి ఎవడు గట్టుమీద నిలబడి బూతులు తిడతాడో,
నిజంగానే నేను అడగలేదు.
చీలమండల దాకా బురదలో నిలబడి
గెనెం కోసి, ఇంకో మడికి మళ్లించాను.

కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నాలుగున్నర.
మెషీన్ ఇంకొకరి వంతులోకి వెళ్లిపోయింది.
ఫైలు తెరిచాను.
నాలుగు వందల ఆరుని ఏడు చేశాను.
వరసకి పేరు ఇంకా ఖాళీగానే ఉంది.
శుక్రవారం వైవా.